తొర్రలో భిక్షాపాత్ర

సోమవారం

వంటింట్లో జరిగింది జరిగినట్టు రోజూ నాలుగు ముక్కలు రాసి పెట్టాలని మా ఊరి నియమం. చదివే నాథుడు లేడని తెలిశాక నాకు రాయడం మీద ఇష్టం పెరిగింది.

ఇవాళ ఏకాదశి. గుడికి వెళ్ళేవాళ్ళ కంచాల్లో అన్నం ఉండకూడదు, పండ్లూ పాలూ చాలు. కమలాబెన్ గారింటికి దుంపలు లేని కూర వెళ్ళాలి. వాళ్ళు జైనులు. దుంప పీకితే మొక్కతో పాటు దాన్ని అంటుకున్న లెక్కలేని ప్రాణాలు పోతాయని ముట్టరు. "ఇక్కడ మట్టే లేదు కదండీ, దుంపలు గాల్లో తేమ తాగుతూ వేలాడతాయి" అని ఒకసారి చెప్పి చూశాను. "ఆ తేమ దుంపలేవో నువ్వే తిను వరాలూ" అంది ఆవిడ. దీనమ్మ గారి సంఘానికి ఈస్టరుకి ముందు ఉపవాస దినాలు నడుస్తున్నాయి. భూమ్మీద అయితే మాంసం మానేస్తారట. ఇక్కడ మాంసం మొహం ఎవరూ చూడలేదు కనక వాళ్ళు బెల్లం మానేశారు.

ఇవన్నీ గుర్తు పెట్టుకునేది నేను కాదు, వదిన. అంటే వడ్డన యంత్రం. గోడలో ఉంటుంది. కిటికీ దగ్గర అరచెయ్యి ఆనిస్తే చాలు, ఆ మనిషి ఒంటికీ ఆ మనిషి దేవుడికీ సరిపడా కంచం బయటికి తోస్తుంది. మాటల్లో కాస్త వెటకారం ఉంది కాబట్టి ఊరంతా దాన్ని వదినా అనే పిలుస్తారు. దాని మూతి తుడవడం, కంచాలు కడగడం, అలిగినప్పుడు వీపు మీద ఒకటి తట్టడం నా పని.

మధ్యాహ్నం ఓడ ఒకటి ఆగింది. సూర్యుడి చుట్టూ తన మానాన తను తిరిగే బండని తొలిచి కట్టుకున్న ఊరు మాది. అందుకే తొర్ర అంటారు. ఇక్కడ ఓడ ఆగడమే వింత. కాలు విరిగిన ఒక పెద్దాయన్ని దింపి, వచ్చే ఓడలో ఎక్కించండని చెప్పి వెళ్ళిపోయారు. వచ్చే ఓడ మా ఊరి దీపాలు ఎండాకాలం వెలుగుకి మారాక గానీ రాదు.

ఆయన బౌద్ధ భిక్షువు. సింహళం ఆయన. పేరు తిస్స. స్వామీ అన్నట్టు భంతే అని పిలవాలట. గుండు, కాషాయం, ఒడిలో నల్లటి గిన్నె. ఓడలో ఇంజను గదిలో పనిచేసే కాకినాడ కుర్రాళ్ళ దగ్గర తెలుగు నేర్చుకున్నాడట, నోరు విప్పగానే తెలిసిపోయింది. "ఏటమ్మా, ఊరు బలే సల్లగుందే" అన్నాడు. నవ్వాపుకోలేకపోయాను.

మంగళవారం

పొద్దున్నే భంతే చంకలో కర్ర పెట్టుకుని వీధిలోకి బయల్దేరాడు. ఒక్కో గుమ్మం ముందు గిన్నె పట్టుకుని, కళ్ళు దించుకుని, ఏమీ అడక్కుండా కాసేపు నిలబడతాడు. ఎవరూ ఏమీ అనకపోతే తర్వాతి గుమ్మానికి వెళతాడు. మా వాళ్ళకి భిక్ష అంటే తెలిసి ఏడిస్తేగా. దారి తప్పాడనుకుని ఒకరి తర్వాత ఒకరు జాలిపడి, రెక్క పట్టుకుని ఆయన్ని గదికి తీసుకొచ్చి దింపారు. ఆయన మళ్ళీ బయల్దేరాడు. వీళ్ళు మళ్ళీ దింపారు.

చివరికి నేనే ఆయన్ని వదిన దగ్గరికి తీసుకొచ్చి, చెయ్యి ఆనించమన్నాను. ఆనించలేదు. పోనీ అని నా చేత్తో నేనే ఒక కంచం తీసి ముందు పెట్టాను.

"ఇది నీదా అమ్మా?" అన్నాడు.

"నాదేంటండీ? ఊరి ఉమ్మడిది. తినండి, చల్లారిపోద్ది."

"మరి నాకు పెడతన్నదెవరు?"

"పెట్టడమేంటండీ? అందరికీ వస్తది, మీకూ వస్తది."

ఆయన చిన్నగా నవ్వి కంచం పక్కకి జరిపాడు. "ఎవరన్నా తనది తన చేత్తో పెడితేనే నేను తినాల. మధ్యాహ్నం లోపే తినాల. రేపటికని దాసుకోకూడదు. నీళ్ళకి మాత్రం ఎవరి సెలవూ అక్కర్లేదు" అని రెండు లోటాలు తాగి వెళ్ళాడు.

నాకు ఒళ్ళు మండింది. వేడివేడి జొన్నరొట్టె, చిక్కుడుకాయ కూర, ఇంతకంటే ఏం కావాలి మనిషికి? ఓడలో ఎలా తిన్నాడని ఆరా తీశాను. ప్రయాణికులు తమ టిక్కెట్టు తిండిలోంచి తీసి పెట్టేవారట. అది వాళ్ళ సొంతం. మా తొర్రలో ఎవరికీ ఏదీ సొంతం కాదు, మంచం కూడా.

బుధవారం

గిన్నె ఇవాళా ఖాళీయే. డాక్టరమ్మ వెళ్ళి చూసి, కాలు అతుక్కోవాలంటే తిండి ఉండాలి, ఈ వయసులో ఇలా ఎక్కువ రోజులు ఆగడు అని చెప్పి వచ్చింది. మందు కూడా ఎవరో ఒకరు సొంతది ఇవ్వాల్సిందేనట. నేను మంచినీళ్ళ బిందె తీసుకుని వెళ్ళి గట్టిగానే అడిగాను.

"ఏంటండీ ఈ పంతం? మీ దేవుడు మిమ్మల్ని చావమన్నాడా?"

"మాకు సెప్పింది బుద్ధుడమ్మా, ఆయన దేవుణ్ణని ఎప్పుడూ అన్లేదు" అన్నాడు. గొంతు నీరసంగా ఉంది గానీ మొహంలో కోపం లేదు. "పంతం కాదు. కోరికలొదిలేసినోడు కొండెక్కి కూకుని మడుసుల్నే ఒదిలేత్తాడని ఆయనకి తెలుసు. అందుకే ఒండుకోవద్దు, కొనుక్కోవద్దు, దాసుకోవద్దు అన్నాడు. రోజూ ఎవరో ఒకరు పెడితేనే బతకాల. ఆళ్ళు నాకు తిండి పెడతారు, నేను ఆళ్ళకి మంచి మాట సెప్తాను. ఆ ముడి తెగిపోతే నా ఒంటిమీద ఈ గుడ్డ నాటకవే."

బయటికొచ్చాక నా కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు. ఆయన చచ్చిపోతాడేమోనని భయం మాత్రం మిగిలింది.

సాయంత్రం పెద్దవాళ్ళంతా వంటింట్లో చేరారు. మసీదు వంతున నమాజు చేయించే యూసుఫ్ మామ, సంఘం నడిపే దీనమ్మ గారు, గురుద్వారా చూసుకునే గురుబచన్ బాబాయి, గుడి పూజారి అనంతం గారు. మాకున్నది ఒకటే ప్రార్థన గది, వంతులవారీగా వాడుకుంటారు. చాపలు మార్చేటప్పుడు పోట్లాడుకుంటారు, ఆ తర్వాత ఇక్కడికొచ్చి కలిసి టీ తాగుతారు.

"దారినపోయే ముసాఫిరు ఇంటికొస్తే తిండి పెట్టడం మాకు విధి" అన్నాడు యూసుఫ్ మామ. "జకాతు మా ఐదు స్తంభాల్లో ఒకటి. ఏడాది తిరిగినా ఖర్చవకుండా మిగిలిందాంట్లో నలభయ్యో వంతు పేదోళ్ళకి ఇవ్వాలి. ఇక్కడ ఎవడి దగ్గర ఏం మిగులుద్ది? పేదోడు ఎక్కడున్నాడు? నాలుగు స్తంభాల మీదే నెట్టుకొస్తన్నాం."

"మాకూ పదో వంతు దేవుడికి ఇవ్వాలనే ఉంది బాబూ" అంది దీనమ్మ గారు. "ఆదివారం కానుక పళ్ళెం ఇప్పటికీ తిప్పుతాం. ఖాళీగానే. ప్రతివాళ్ళూ ఓసారి చెయ్యి ఆనించి పక్కవాళ్ళకి అందిస్తారు."

గురుబచన్ బాబాయిది హైదరాబాదు సిక్కుల వంశం. "లంగరు అంటే గురుద్వారా భోజనం, రాజైనా కూలోడైనా నేల మీద ఒకే వరసలో కూర్చోవాలి, మనం వండి మనం వడ్డించాలి. ఇప్పుడు వరసలో కూర్చుంటున్నాం, ఎవరి కంచం వాళ్ళు తెచ్చుకుంటున్నాం. వడ్డించేది వదిన" అని నిట్టూర్చాడు.

అనంతం గారికి ఒక ఉపాయం తట్టింది. కంచం దేవుడి ముందు పెడితే నైవేద్యం అవుతుంది, ఇక అది దేవుడిది. దేవుడి సొత్తు ప్రసాదంగా పెడితే భంతే ఎందుకు కాదంటాడు? మాకందరికీ బ్రహ్మాండంగా అనిపించింది. వదినని అడిగాం.

"దేవుడి పేరు మీద ఇక్కడ ఆస్తి ఏమీ లేదు. ఆయనా ఉమ్మడిలో మనిషే" అంది వదిన.

అనంతం గారు దానితో మాట్లాడ్డం మానేశారు.

గురువారం

ఊరి సభ పెట్టారు. సభకి పెద్ద హేమాద్రి గారు. కటువు మనిషి గానీ అన్యాయం ఎరగడు. ఉమ్మడి తిండిలో ఒక కంచాన్ని ఎవరో ఒకరికి సొంతం చేయండి, వాళ్ళు భంతేకి పెడతారు అని మేమంతా అడిగాం.

"మన తాతలు ఇంతకుముందు ఉన్న బండలో గాలి యంత్రం ఒక్క ఇంటోళ్ళదే" అన్నాడు ఆయన. "ఆళ్ళు చెడ్డోళ్ళేం కాదు. దానం చేసేవోరు. గాలి. పండగొస్తే ఓ వంతు ఎక్కువ వదిలేవోరు. పొద్దున్నే వెళ్ళి ఆ ఇంటి ముందు దణ్ణం పెట్టి ఊపిరి పీల్చుకునేది మా నాయనమ్మ. అక్కణ్ణించి పారిపోయొచ్చి ఈ ఊరు కట్టారు. ఇచ్చేవోడు ఉంటే పుచ్చుకునేవోడు ఉంటాడు. ఇచ్చేవోడు రోజురోజుకీ పెరుగుతాడు, పుచ్చుకునేవోడు తరుగుతాడు. ఆ పెద్దాయన మీద నాకూ జాలే. కానీ ఆ తలుపు నా చేత్తో నేను తెరవను."

వాళ్ళ నాయనమ్మలాంటి వాళ్ళు మా అందరి ఇళ్ళల్లోనూ ఉన్నారు.

లేవబోతూ ఆయన ఇంకో మాట అన్నాడు. "ఈ ఊళ్ళో మనిషికి సొంతమంటూ ఉంటే అది ఒంటి మీద గుడ్డా, నోరు పెట్టిన ముద్దా. రోగాలు అంటుకుంటాయని దాన్ని ఉమ్మడి వెనక్కి తీసుకోదు. అంతకుమించి ఎవరికీ ఏదీ లేదు."

ఆ మాట విన్నదాన్ని విననట్టు ఉండిపోతే బాగుండేది. నోరు పెట్టిన ముద్ద సొంతమైతే, దాన్ని ఇవ్వచ్చు. ఎంగిలి ఎవరైనా ఎవరికైనా పెడతారని తాతలకి తోచలేదు కాబట్టి దాని మీద నియమమే రాయలేదు.

కానీ ఎంగిలి! ఎంగిలి చెయ్యి తగిలిందని గోడ కడిగే మనిషిని నేను. ఒకరు తాగిన లోటాతో ఇంకొకరు తాగితే ఆ పూట నాకు అన్నం సయించదు. కడుపున పుట్టిన పిల్ల కొరికిన జామకాయ కూడా తినని తల్లినని మా అమ్మాయి ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది. అలాంటిది, సర్వం వదిలేసిన ఒక పెద్దాయనకి నేను కొరికిన రొట్టె ఎలా పెట్టను? ఎవరికీ చెప్పకుండా కంచాలు మళ్ళీ కడగడం మొదలుపెట్టాను.

శుక్రవారం

భంతే ఇవాళ వీధిలోకి రాలేదు. లేవలేకపోయాడు. వెళ్ళి చూస్తే గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. "పరిగెత్తలేను గానీ బాగానే ఉన్నానమ్మా" అన్నాడు. పెదవులు ఎండిపోయాయి. ఇంక నా వల్ల కాలేదు.

మధ్యాహ్నం నమాజు అయ్యాక యూసుఫ్ మామ టీకి వచ్చినప్పుడు విషయం చెప్పేశాను. చెబుతున్నంతసేపూ సిగ్గుతో తల ఎత్తలేదు. ఆయన టీ గ్లాసు కింద పెట్టి పడీపడీ నవ్వాడు.

"ఓసి పిచ్చి వరాలూ! ఇంతకేనా? మా ఇంట్లో పెద్ద పళ్ళెం మధ్యలో పెట్టుకుని అందరం ఒకదాంట్లోనే చేతులు పెడతాం. బర్కతు, అదే దేవుడి దీవెన, అందులోనే ఉందంటారు మావోళ్ళు."

దీనమ్మ గారిని పిలిపించాం. ఆవిడా నవ్వింది. ప్రభువు బల్ల దగ్గర ఒకే గిన్నె అందరి పెదాలకీ తిరుగుతుందట. సిక్కులు దీక్ష తీసుకునేటప్పుడు తియ్యటి అమృతం ఒకే పాత్రలోంచి అందరూ తాగాలని, కులం పట్టింపు పోవడానికే అలా పెట్టారని గురుబచన్ బాబాయి చెప్పాడు. అనంతం గారు కాస్త తటపటాయించి, "ప్రసాదం అంటే దేవుడు ఆరగించగా మిగిలిందేగా, ఒక రకంగా మనం రోజూ తింటున్నది అదే" అన్నారు. ఇన్నేళ్ళూ వీళ్ళందరి కంచాలూ కడిగాను, ఒక్కరైనా ఈ ముక్క చెప్పారా నాకు?

భంతే ఏమంటాడోనని వెళ్ళి అడిగాం. "గిన్నెలో ఏం పడితే అది తినడమే నా పని. మంచిదా సెడ్డదా అని సూసే నాలిక ఇంకా సావలేదు గానీ, దాని మాట నేనినను" అన్నాడు.

హేమాద్రి గారు రెండుసార్లు ఆలోచించి, నియమంలో లేనిదాన్ని తను ఆపలేనన్నాడు. రేపు పొద్దున్న వచ్చి చూస్తానని కూడా అన్నాడు.

శనివారం

మా ఊరి బుద్ధి గురించి రాయాలంటే చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను.

పొద్దున్నకల్లా భంతే గుమ్మం ముందు ఊరు ఊరంతా ఉంది. ప్రతివాళ్ళ చేతిలో ఒక కొరికిన రొట్టె. తాతల నాటి నుంచి ఇవ్వాలని ఉండి ఇవ్వలేకపోయిన జనం కదా, ఒక్కరూ వెనక్కి తగ్గలేదు. శనివారం కాబట్టి యూదుల ఏలీయా గారు ఏదీ మోసుకుని వీధిలోకి రాకూడదు. ఆయన కూడా తొర్ర మొత్తం ఒకే కప్పు కింద ఉంది కనక ఒకే ఇల్లు లెక్క అని తేల్చుకుని రొట్టెతో వచ్చేశారు. గిన్నె చూస్తే ఒకటే. మనిషి తినేది ఒక పూటే. ముందు ఎవరు పెట్టాలి?

"ముందు మీరు కానివ్వండి" అన్నాడు యూసుఫ్ మామ.

"అబ్బే, మీరు పెద్దవారు" అంది దీనమ్మ గారు.

"ఇవాళ ఏలీయా గారి విశ్రాంతి దినం, ఆయన పెట్టాలి" అన్నాడు గురుబచన్ బాబాయి.

"నేను వరసలో ఆఖరున వచ్చానండీ, ధర్మం కాదు" అన్నారు ఏలీయా గారు.

పోట్లాట అయితే ఎవరో ఒకరు గెలిచేవారు. మర్యాద కావడంతో తెమల్లేదు. ఒకరినొకరు ముందుకు తోసుకుంటూ, బతిమాలుకుంటూ ఉండగానే ఊరి దీపాలు నడినెత్తి వెలుగుకి వచ్చి గంట మోగింది. మధ్యాహ్నం దాటిపోయింది.

లోపల్నుంచి భంతే నవ్వు వినబడింది. సన్నగా, ఆయాసంతో. "రేపు సూద్దాంలే అమ్మా" అని ఖాళీ గిన్నెనే కడిగి బోర్లించాడు.

నేను గుమ్మంలోనే ఏడ్చేశాను. ఆ తర్వాత జనం మీద విరుచుకుపడ్డాను. నా నోటికి అప్పుడు ఏం వచ్చిందో ఇక్కడ రాయను. అందరూ తలలు వంచుకుని విన్నారు. అంతా అయ్యాక యూసుఫ్ మామ మెల్లగా అన్నాడు: "రేపు ఒక్కరే పెట్టాలి. అది నువ్వే వరాలూ."

"నేనా? నాకు ఏ గుడీ సరిగ్గా పట్టదు. మీరుండగా నేనెందుకు?"

"ఎంగిలి పెట్టడం మాకు తేలిక. నీకే కష్టం. తేలిగ్గా ఇచ్చింది ఆయనకి పెట్టి ఏం లాభం?"

దీనమ్మ గారు అవునంది. అనంతం గారు అవునన్నారు. ఊరంతా ఒక్క మాట మీద నిలబడడం ఇదే మొదటిసారి. అది కూడా నా నెత్తి మీదే.

ఆదివారం

తలస్నానం చేసి, వదిన కిటికీకి చెయ్యి ఆనించాను. జొన్నరొట్టెలు రెండు, పప్పు, పుట్టగొడుగుల కూర. పొయ్యి పక్కన కూర్చుని ఒక రొట్టె అంచు కొరికాను. పప్పులోనూ కూరలోనూ వేలు ముంచి నాకాను. మనసు ఎదురు తిరిగింది. అయినా కొరికిన రొట్టెలో పప్పూ కూరా సర్దుకుని, కొంగు కప్పి, వీధి మధ్యలోంచి నడిచాను. ఇళ్ళ తలుపులు తెరిచే ఉన్నాయి గానీ ఎవరూ బయటికి రాలేదు. రావద్దని నేనే గట్టిగా చెప్పాను.

హేమాద్రి గారు మాత్రం భంతే గుమ్మం పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

భంతే గిన్నె ముందుకి పట్టాడు. నేను కొంగు తీశాను.

"ఇది నాదేనండీ" అన్నాను. "నేను కొరికింది. నా సొంతం. మీకు పెడుతున్నాను."

ఆయన తల ఊపాడు. రొట్టె గిన్నెలో పెట్టాను. నా పంటి గాటు పైకే కనబడుతోంది. పెట్టగానే ఎందుకో మోకాళ్ళ మీద వంగి ఆయనకి దణ్ణం పెట్టాను. ఎవరూ చెప్పలేదు, ఇచ్చాక అదే చేయాలనిపించింది. ఆయన నాకు థాంక్స్ చెప్పలేదు, తిరిగి నమస్కారం కూడా పెట్టలేదు. కళ్ళు దించుకుని, తొందర లేకుండా, ముద్ద తర్వాత ముద్ద నమిలి తిన్నాడు. గాటు ఉన్న ముక్క కూడా తిన్నాడు. గిన్నె తుడిచి, కడిగి, అప్పుడు పాళీ భాషలో నాలుగు మాటలు చదివాడు. ఆయువు, అందం, సుఖం, బలం పెరగాలని దీవెన అట.

హేమాద్రి గారు కట్టుకున్న చేతులు విప్పాడు. "ఇచ్చినదానివి నువ్వు. కింద కూర్చున్నదీ నువ్వే" అన్నాడు. ఆ తర్వాత చెప్పులు విడిచి లోపలికి వచ్చి భంతే పక్కన కూర్చున్నాడు. రేపు తన వంతట.

వంటింటికి వచ్చి కంచాలు కడిగాను. మధ్యాహ్నానికి పొట్టలో ఏదో తిప్పినట్టు, లాగినట్టు అయింది. ఇంతకుముందు ఎప్పుడూ ఇలా అవలేదు, జబ్బు చేసిందేమో అని భయపడి వదినని అడిగాను.

"జబ్బు కాదు. ఆకలి" అంది వదిన. "సగం కంచం పరాయి గిన్నెలో పెట్టి వచ్చావు మరి. కావాలంటే ఆ సగం మళ్ళీ వడ్డిస్తాను, చెయ్యి ఆనించు."

మళ్ళీ తీసుకుంటే పొద్దున్న పెట్టింది నాది ఎలా అవుతుంది? చెయ్యి వెనక్కి తీసుకున్నాను. భంతే ఈ పాటికి కాలు చాపుకుని పడుకుని ఉంటాడు, నా రొట్టె ఆయన కడుపులో ఉంది. నాకు చెప్పలేనంత సంతోషంగా ఉంది.

"ఇది ఎంతసేపు ఉంటుంది?" అని అడిగాను.

"తింటే పోతుంది."

"కాసేపు ఉండనీ వదినా" అన్నాను.